రిటైరయి ఎనిమిది నెలలు. ఇల్లు అమ్మేసి అబ్బాయి దగ్గరికి వెళ్ళిపోవాలా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. మీరు రాసేవి చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. నేను లెక్కల మాస్టారుని. 1989లో ఉద్యోగంలో చేరాను, మొదటి పోస్టింగు సీతంపేట ఏజెన్సీలో (అప్పుడది మన జిల్లాయే, 2022లో పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది), చివరికి హెడ్మాస్టరుగా పోయిన జూన్ 30న దిగిపోయాను. లెక్కప్రకారం 58కే దిగాల్సినవాణ్ణి. 2014లో 60 చేశారు, 2022 జనవరిలో 62 చేశారు, అలా నాలుగేళ్ళు కలిసొచ్చాయి. ఆ నాలుగేళ్ళూ ఇంకా టైముంది కదా అనుకుంటూ గడిపేశానే తప్ప, తర్వాత ఏం చేస్తానని ఒక్క పూట కూర్చుని ఆలోచించలేదు.

డబ్బుకి ఇబ్బంది లేదు, పాత పింఛనే. నాగావళికి దగ్గరలో 1998లో కట్టుకున్న సొంత ఇల్లుంది. ఇబ్బందల్లా పొద్దుటిపూటే. నాలుగున్నరకి మెలకువ వచ్చేస్తుంది. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో నాలుగు రౌండ్లు నడుస్తాను, పేపరు చదువుతాను, టిఫిను తింటాను, అప్పుడు గడియారం చూస్తే ఎనిమిదిన్నరే. ప్రేయరు టైముకి ఇప్పటికీ కాళ్ళు ఊరికే ఉండవు. పిల్లలు యూనిఫారాలతో బడికి వెళ్తుంటే గేటు దగ్గర నిలబడి చూస్తాను. ఎవరైనా గుర్తుపట్టి గుడ్ మార్నింగ్ సార్ అన్న రోజు ఒకలా ఉంటుంది, ఎవరూ అనని రోజు ఇంకోలా ఉంటుంది.

మా అబ్బాయి బెంగళూరులో ఉంటాడు. మీరిద్దరే అక్కడెందుకు నాన్నా, ఆ ఇల్లు అమ్మేయండి, నేను కొంత వేసి ఇక్కడ పెద్ద ఫ్లాటు తీసుకుంటాను, అందరం కలిసి ఉందాం అంటున్నాడు. మంచి పిల్లవాడు, వాడి మనసులో ఇంకేమీ లేదు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక బ్రోకరు ఇల్లు చూసి కూడా వెళ్ళాడు. మార్చిలోగా ఏదో ఒకటి చెప్పమని అబ్బాయి అడిగాడు. మీలో ఇలా వెళ్ళినవాళ్ళు, వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళు, అసలు వెళ్ళనివాళ్ళు ఉంటారు కదా, ఉన్నదున్నట్టు చెప్పండి.

రిటైరైన రోజు పదో తరగతి పిల్లలు ఒక కొబ్బరి మొక్క ఇచ్చారు. పెరట్లో వేశాను. అమ్మకం మాట వచ్చినప్పుడల్లా ఎందుకో ముందు అదే గుర్తొస్తోంది.

మూడు లాంతర్లు (విజయనగరం)

మాస్టారూ, నేను బ్యాంకులో పనిచేసి 2019లో రిటైరయ్యాను. మీ అబ్బాయిని తప్పు పట్టడం లేదు కానీ ఇల్లు అమ్మిన డబ్బు ఫ్లాటులో కలిసిపోతే మీ చేతిలో ఉండేది పింఛను ఒక్కటే. ఆ ఫ్లాటు ఎవరి పేరు మీద ఉంటుంది, లోను ఎవరిది, ఇవి అడగడానికి మొహమాటపడకండి. ఇప్పుడు అడగలేకపోతే తర్వాత అసలు అడగలేరు. నేను ముప్ఫై ఏళ్ళు కౌంటరు దగ్గర కూర్చున్నవాణ్ణి. ఉన్నదంతా పిల్లల పేరు మీద వేసేసి, నెలకి ఎంత తీసుకోవాలో కోడలికి ఫోన్ చేసి అడిగి చెప్పే పెద్దవాళ్ళని చూశాను, వాళ్ళ మొహాలు నాకింకా గుర్తున్నాయి.

రిటైర్మెంట్ డబ్బు ఇంకా సేవింగ్స్ ఖాతాలోనే పడి ఉంటే సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీము చూడండి, పోస్టాఫీసులోనూ ఉంది, బ్యాంకుల్లోనూ ఉంది. మనిషికి 30 లక్షల దాకా పెట్టొచ్చు (2023 ఏప్రిల్‌కి ముందు 15 లక్షలే), నేను పెట్టినప్పుడు వడ్డీ 8.2 శాతం, అయిదేళ్ళు, మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది. మీ ఆవిడగారికి 60 నిండితే ఆవిడ పేరున విడిగా తెరవొచ్చు. మీరు కమ్యూట్ చేసిన (అంటే ముందే ఒకేసారి మొత్తంగా తీసేసుకున్న) 40 శాతం పింఛను పదిహేనేళ్ళ తర్వాతే మళ్ళీ కలుస్తుంది, అంతదాకా తగ్గిన పింఛనుతోనే నడవాలి, ఇది మీకు తెలిసే ఉంటుంది.

ఇంకొక మాట, అడగకపోయినా చెబుతున్నాను. పోలీసులమని, డిజిటల్ అరెస్టు అని ఫోన్లు వస్తాయి. అలాంటి అరెస్టు చట్టంలో లేనే లేదు. నాతో పనిచేసిన ఒకాయన పరువు పోతుందన్న భయంతో భార్యకి కూడా చెప్పకుండా ఒక్క పూటలో ఆరు లక్షలు పంపేశాడు. సైబర్ మోసాలకి 1930 నంబరు ఉంది, ఎంత తొందరగా చేస్తే అంత నయం. ఫ్రిజ్ మీద రాసి అంటించుకోండి.

ఆమదాలవలస బండి (హైదరాబాద్)

నేను కొడుకు వైపు నుంచి రాస్తున్నాను మాస్టారూ. మాది నరసన్నపేట, ఇప్పుడు ఉండేది మియాపూర్. 2021లో అమ్మానాన్నల చేత ఇల్లు అమ్మించింది నేనే. కరోనా రెండో వేవ్‌లో నాన్నకి ఆక్సిజన్ పడిపోతే నేను ఇక్కడి నుంచి కదల్లేకపోయాను, ఆ పదకొండు రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. ఇప్పటికీ రాత్రి పదకొండు దాటాక ఊరి నంబరు నుంచి ఫోన్ వస్తే చెయ్యి వణుకుతుంది. మీ అబ్బాయికీ ఆ టెన్షనే ఉండి ఉంటుంది, అది ఆస్తి మీద ఆశ అని మాత్రం ఎవరూ అనుకోకండి దయచేసి.

కానీ జరిగింది చెప్పాలి. ఊళ్ళో ఉన్నప్పుడు నాన్న అరలీటరు పాలకి వెళ్తే తిరిగొచ్చేసరికి గంట పట్టేది, దారిలో అంతమంది పలకరించేవాళ్ళు. ఇక్కడ పాలు తలుపు దగ్గరికే వస్తాయి. లిఫ్టులో కలిసినవాళ్ళు నవ్వుతారు గానీ మాట కలపరు. రెండేళ్ళలో ఆయన మాట్లాడడమే తగ్గించేశారు, ఏమడిగినా 'బాగానే ఉంది' అనేవారు. అమ్మకి మాత్రం ఇక్కడే బాగుంది. కింద గుడి ఉంది, భజన బృందం ఉంది, మనవరాలుంది.

2024లో నాన్న వెనక్కి వెళ్ళిపోయారు. మేం అమ్మిన ఇంటికి నాలుగిళ్ళ అవతల అద్దెకుంటున్నారు. కొన్నవాళ్ళు ముందున్న అరుగు కొట్టేసి షాపు కట్టారు, ఆ షాపు ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే నాన్న చుట్టు తిరిగి వెళ్తారట, ఈ సంగతి నాకు ఆయన చెప్పలేదు, పక్కింటి పిన్ని చెప్పింది. అమ్మ ఆర్నెల్లు అక్కడ, ఆర్నెల్లు ఇక్కడ. రైల్లో పెద్దవాళ్ళ రాయితీ, మగవాళ్ళకి 40 శాతం, ఆడవాళ్ళకి 50 శాతం ఉండేది, 2020 మార్చిలో తీసేశారు కదా, అటూ ఇటూ తిరిగే అమ్మకి ఆ తేడా బాగా తెలుస్తోంది. ఇల్లు తాళం వేసి తెచ్చుకుని ఉంటే సరిపోయేది. అమ్మించక్కర్లేదు.

అయ్యకోనేరు (విజయనగరం)

మాస్టారూ, నేను జూట్ మిల్లులో ముప్ఫై ఏళ్ళు చేశాను. 58కి దింపేశారు. పీఎఫ్ పింఛను నెలకి రెండు వేలు కూడా రాదు. ఆ లెక్క ఎలాగంటే, జీతం ఎంతున్నా ఇంతకు మించి చూడమని ఒక గీత గీస్తారు, 2014 దాకా అది 6,500, తర్వాత 15,000. దాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తారు. మిల్లు మూసి ఉండి చందా కట్టని కాలం సర్వీసులోకి రాదు. మూసింది మేము కాదు, కానీ పోయింది మా సర్వీసు. కనీసం వెయ్యి రూపాయలిస్తామని 2014లో పెట్టారు, పదేళ్ళు దాటినా అది వెయ్యి దగ్గరే ఉంది. అందుకని నాకు రిటైర్మెంట్ ఒక్క నెలే, తర్వాత అపార్టుమెంటులో రాత్రి వాచ్‌మన్‌గా చేరాను. ఇప్పుడు 66.

మీ మీద కోపంతో రాయడం లేదు. పని లేని పొద్దు ఎంత పొడుగ్గా ఉంటుందో మిల్లు మూసినప్పుడల్లా చూశాను. సైరను కూయకపోతే ఇంట్లో ఎవరికీ నిద్ర లేవాలనిపించేది కాదు. అప్పట్లో మేము పన్నెండు మందిమి సాయంత్రం అయ్యకోనేరు గట్టు మీద కూర్చునేవాళ్ళం, ఇప్పటికీ ఆదివారం కూర్చుంటాం, ఏడుగురం మిగిలాం. మనిషికి నెలకి వంద రూపాయలు వేసుకుంటాం. ఎవరింట్లో చావు జరిగినా, ఎవరు ఆసుపత్రిలో పడినా ఆ డబ్బు ఆ పూటే వెళ్తుంది. పైడితల్లమ్మ సిరిమాను రోజు ఏడుగురం ఒకేచోట నిలబడి చూస్తాం. ఊరు వదిలేస్తే అలాంటివాళ్ళు ఎక్కడ దొరుకుతారో ఆలోచించుకోండి.

పింఛనుదారులకి పనికొచ్చేది ఒకటి చెబుతాను. నాకు లైఫ్ సర్టిఫికెట్టుకి వేలిముద్ర పడేది కాదు. నారతో పనిచేసిన చేతులు, గీతలు అరిగిపోయాయి. రెండేళ్ళు తిప్పారు. ఫోన్లో మొహం చూపించి కూడా చేయొచ్చని మా మనవరాలు చెప్పి, ఇంట్లో కూర్చోబెట్టి పది నిమిషాల్లో చేసేసింది. అది పదో తరగతి. అన్నీ బాగానే చదువుతుంది, లెక్కలే కష్టంగా ఉంది.

వేగావతి (బొబ్బిలి)

అందరూ అమ్మొద్దు, వెళ్ళొద్దు అంటున్నారు. నేను వెళ్ళమనే చెబుతాను. మా ఆవిడా నేనూ ఊళ్ళోనే ఉండిపోయాం, నాదే పట్టుదల. 2023 కార్తీక మాసంలో తెల్లవారుజామున ఆవిడ బాత్రూములో పడిపోయింది. మాట ముద్దగా వస్తుంటే నీరసమనుకున్నాను, పడుకోబెట్టాను, హార్లిక్స్ కలిపి ఇచ్చాను. పక్షవాతమని నాకు తెలియలేదు. మెదడులో గడ్డ కరిగించే ఇంజెక్షను మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలట, అది కూడా తలకి స్కానింగ్ తీశాకే. మేము విశాఖ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆవిడ ఇంకో ఏడాది మంచం మీద ఉండి వెళ్ళిపోయింది. ఇంట్లో ఇంకొక మనిషి ఉంటే ఆ మాట తేడా పట్టుకునేవాళ్ళేమో. మూతి ఒక పక్కకి లాగినా, చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయండి. నీళ్ళూ వద్దు, హార్లిక్సూ వద్దు.

ఇల్లు ఉంచుకోండి మాస్టారూ, కానీ ఇద్దరే ఉండొద్దు.

ఆమదాలవలస బండి

బాబాయ్ గారూ, మీరు రాసింది చదివాక ఏం రాయాలో తెలియలేదు. నాన్నకి ఫోన్ చేశాను ఇప్పుడే. 108 మాట, స్కానింగ్ మాట చెప్పాను. దగ్గరలో సీటీ స్కాన్ ఎక్కడుందో రేపు కనుక్కుంటానన్నారు.

పెరటి జాజి (గజపతినగరం)

మాస్టారు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. అందులో మీ అబ్బాయి మాట ఉంది, బ్రోకరు ఉన్నాడు, కొబ్బరి మొక్క ఉంది. మీ ఆవిడ గారు ఏమంటున్నారో ఒక్క ముక్క లేదు.

తప్పుగా అనుకోకండి, మా ఇంట్లో జరిగిందే చెబుతున్నాను. మావారు రెవెన్యూలో చేసి 2022లో ఇంటికొచ్చారు. అంతకుముందు మా ఇంట్లో గ్యాసు బండ నెలా పదిహేను రోజులు వచ్చేది, ఆయన ఇంటి పట్టున ఉండడం మొదలయ్యాక నెల రోజులకే అయిపోయేది. పదకొండుకి టీ, ఒంటిగంటకి వేడి అన్నం, నాలుగుకి మళ్ళీ టీ, వచ్చిపోయేవాళ్ళకి ఇంకో రెండు. ఆయనకి పొద్దుపోవడం లేదు, నాకు పొద్దు చాలడం లేదు, ఇద్దరం ఒకే ఇంట్లో ఉన్నాం. నాకు 61 నిండాయి, మోకాళ్ళు అరిగాయి. ఒకరోజు ఏడ్చేశాను. అప్పుడు అర్థమైంది ఆయనకి. చెడ్డ మనిషి కాదు, ఎవరూ చెప్పలేదంతే. ఇప్పుడు పొద్దున్న చోడి అంబలి ఆయనే కాస్తారు, రైతుబజారు ఆయనదే, సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా నన్ను ఎవరూ పిలవకూడదు, నేను మేడ మీద కూర్చుంటాను. ఊరికే కూర్చుంటాను, అంతే.

మా మేనత్త వాళ్ళాయన తన సొంత నిర్ణయంతో విశాఖ నుంచి పల్లెకి తీసుకొచ్చేశాడు, ఆవిడ స్నేహితులంతా అక్కడే ఉండిపోయారు. ఊరిమీద ప్రేమ ఆయనది, ఒంటరితనం ఆవిడది. మీరు మీ ఆవిడ గారిని అడగండి. మార్చి దాకా ఆగక్కర్లేదు.

నాగావళి గట్టు

అమ్మా, మీరు అడిగింది నిజం. నేను అడగలేదు. ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా అడగలేదు. తను కూడా ఏమీ అనలేదు కాబట్టి నా మాటే తన మాట అనుకున్నాను. ఇవాళ అడుగుతాను.

ఉద్దానం రైతు (వజ్రపుకొత్తూరు వైపు)

నాకు 71. మాకు రిటైర్మెంట్ ఆర్డరు ఎవరిస్తారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చిన రాత్రికి నా కొబ్బరితోటలో నిలబడిన చెట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, జీడితోట పూర్తిగా పోయింది. అప్పుడు నాకు 63. పిల్లలు ఇక చాలు, భూమి ఎవరికైనా ఇచ్చేయి అన్నారు. నేను మళ్ళీ మొక్కలు వేశాను. ఇప్పుడు కొన్ని గెలలు వేస్తున్నాయి. ఆ చెట్ల కాపు పూర్తిగా తినేది నేను కాదని వేసినప్పుడే తెలుసు.

మా వైపు కిడ్నీ జబ్బు సంగతి మీ అందరికీ తెలిసిందే. మా ఇంట్లో కూడా ఉంది. పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాక విశాఖ తిరిగే బాధ కొంత తగ్గింది. వయసు మీద పడ్డవాళ్ళందరికీ నేను చెప్పేది ఒకటే. మోకాళ్ళ నొప్పులని మందుల షాపులో అడిగి గోలీలు వేసుకోకండి. నొప్పి బిళ్ళలు ఎక్కువ రోజులు వాడితే కిడ్నీ మీద పడుతుంది. ఏడాదికోసారి క్రియాటినిన్ (కిడ్నీ కోసం చేసే రక్తపరీక్ష) చూపించుకోండి. గజపతినగరం అమ్మగారు మోకాళ్ళన్నారు కదా, అందుకే రాశాను తల్లీ.

మాస్టారూ, మొక్క ఏ రకం? నాటుదా, హైబ్రిడా?

దస్తావేజు (టెక్కలి)

రిజిస్ట్రేషన్ల దగ్గర నలభై ఏళ్ళు దస్తావేజులు రాశాను, అందుకే ఈ మాట. అమ్మకపోతే పోయారు, గిఫ్టు డీడు రాసేయండి అని ఎవరో ఒకరు తప్పకుండా సలహా ఇస్తారు. గిఫ్టు రిజిస్టరైతే ఇల్లు ఇక మీది కాదు. వీలునామా అలా కాదు, బతికున్నన్నాళ్ళు మార్చుకోవచ్చు. గిఫ్టే రాయాలనుకుంటే, మమ్మల్ని చూసుకోవాలి, మా కనీస అవసరాలు తీర్చాలి అన్న షరతు అందులో స్పష్టంగా రాయించుకోండి. 2007లో తల్లిదండ్రుల పోషణ చట్టం వచ్చింది, దాని 23వ సెక్షను ప్రకారం ఆ షరతు తప్పితే ఆర్డీవో దగ్గరుండే ట్రైబ్యునల్ ఆ గిఫ్టుని రద్దు చేయొచ్చు. షరతు రాయడానికి పెద్దవాళ్ళు సిగ్గుపడతారు, సొంత కొడుకు దగ్గర కాగితం మీద ఇలాంటి మాటా అంటారు. నా చేత్తో షరతు లేకుండా రాసిన దస్తావేజు ఒకటుంది, ఆ తల్లి తర్వాత మా అరుగు మీదికే వచ్చి కూర్చుంది. నేను రాయను అని ఆ రోజు గట్టిగా అనాల్సింది. పెద్దవాళ్ళకి ఏ కష్టమొచ్చినా 14567కి ఫోన్ చేయొచ్చు, పైసా ఖర్చు లేదు.

కథల పిచ్చి (శ్రీకాకుళం)

పొద్దుటిపూట గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. మాస్టారూ, మీ ఊళ్ళోనే కథానిలయం అని తెలుగు కథల లైబ్రరీ ఉంది. దాన్ని పెట్టిన కారా మాస్టారు (కథకుడు కాళీపట్నం రామారావు) కూడా మీలాగే బడిపంతులు. 1997 ఫిబ్రవరిలో ఆయన దాన్ని తెరిచేటప్పటికి ఆయనకి 72 ఏళ్ళు, సాహిత్య అకాడమీ బహుమతి డబ్బు కూడా అందులోకే పెట్టారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట ఉండాలని పాత పత్రికల కోసం ఊళ్ళు తిరిగారు, ఉత్తరాలు రాశారు, 96 నిండాక 2021 జూన్‌లో పోయేదాకా ఆయన ధ్యాస అదే. అంత పని అందరమూ చేయలేం, నేను చేయలేను. కానీ ఒక పూట వెళ్ళి చూడండి. నేను రిటైరైన కొత్తలో వెళ్ళి ఒక మూల కూర్చుని, నేను పుట్టిన ఏడాది పత్రికలు తిరగేశాను. ఆ రోజు టైము తెలియలేదు.

అయ్యకోనేరు

చదువుకున్నవాళ్ళకి అది బాగుంటుంది సార్. మాలాంటి వాళ్ళకి గట్టే. కానీ ఒకసారి చూడాలని ఉంది, అరసవల్లి వచ్చినప్పుడు వస్తాను.

నాగావళి గట్టు

ఆలస్యంగా రాస్తున్నాను, మన్నించండి. అడిగాను.

రాత్రి భోజనాలయ్యాక అడిగితే తను చాలాసేపు మాట్లాడలేదు, గిన్నెలు సర్దుతూనే ఉంది. తర్వాత చెప్పింది. మనవడికి రెండో ఏడు నడుస్తోంది, వాడి మాటలు నేను ఫోన్లో వినలేను, నాకు వాడి దగ్గర ఉండాలని ఉంది అంది. మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు అంటే, మీరు గేటు దగ్గర నిలబడి పిల్లల్ని చూడడం నేను రోజూ చూస్తున్నాను, ఎలా చెప్పమంటారు అంది. ఇల్లు అమ్మడం తనకీ ఇష్టం లేదు. పెరట్లో మా అమ్మ చేత్తో వేసిన కరివేపాకు ఉంది, దాన్ని ఎవరికి అమ్ముతారు అని అడిగింది. ముప్ఫై ఐదేళ్ళ కాపురంలో నేను ఇంటి విషయంలో తనని ఇలా కూర్చోబెట్టి అడగడం ఇదే మొదటిసారని కూడా అంది. కోపంగా కాదు, మామూలుగానే. నేను జవాబు చెప్పలేకపోయాను.

అబ్బాయికి చెప్పేశాం. ఇల్లు ఉంటుంది. ఉగాది వెళ్ళాక బెంగళూరు వెళ్తున్నాం, తను ఉండగలిగినన్ని రోజులు తను ఉంటుంది, నేను మధ్యలో వచ్చి పోతుంటాను. రెండు నెలల తర్వాత ఇద్దరం కూర్చుని మళ్ళీ మాట్లాడుకుంటాం. అబ్బాయి కొంచెం నొచ్చుకున్నాడు. ఆమదాలవలస బండి గారు రాసింది వాడికి చదివి వినిపించాను, తర్వాత ఏమీ అనలేదు. బొబ్బిలి వారు, మూడు లాంతర్లు గారు చెప్పిన 108, 1930, వాటితో పాటు మందుల చీటీ, అన్నీ పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించాను. మీ ఇంట్లో జరిగింది మాకోసం చెప్పారు, మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

అయ్యకోనేరు గారూ, మీ మనవరాలికి పరీక్షలు దగ్గరపడ్డాయి కదా. మీకు అభ్యంతరం లేకపోతే రోజూ పొద్దున్న అయిదింటికి ఫోన్ చేయమనండి, వీడియోలో చెబుతాను. ఆ టైముకి నేను లేచే ఉంటాను. డబ్బు మాట ఎత్తకండి.

ఉద్దానం వారూ, మొక్క నాటుదే. మేము వెళ్తే ఎండల్లో దాన్ని ఎలా కాపాడాలో చెప్పండి, పక్కింటి వాళ్ళు నీళ్ళు పోస్తామన్నారు.

అయ్యకోనేరు

మాస్టారూ, దానికి చెప్పాను. త్రికోణమితి దగ్గర ఆగిపోయిందట. నా డ్యూటీ ఆరింటికి దిగుతాను, ఫోను ఇంట్లోనే ఉంచి వెళ్తాను. రేపటి నుంచే చేస్తుంది.

ఉద్దానం రైతు

నాలుగు రోజులకోసారి మూడు బకెట్లు పోయమనండి, రోజూ చెంబుడు పోస్తే లాభం లేదు. నీళ్ళు మొదట్లో పోయాలి, మొవ్వులో పడకూడదు, మొవ్వు కుళ్ళిపోతుంది. మొదలు చుట్టూ కొబ్బరి డొక్కలు బోర్లించి పరిస్తే తడి నిలుస్తుంది. పడమటి ఎండ తగలకుండా రెండు తాటాకులు గుచ్చండి. కొమ్ము పురుగు రాకుండా ఆకు మొదళ్ళలో కాస్త ఇసుక వేయండి. వెళ్ళేముందు ఒక ఫోటో పెట్టండి, మొవ్వు ఎలా ఉందో చూసి చెబుతాను.